18వ శతాబ్దపు చిత్తరువులో ఉన్న ఆమె ఎవరు? పేరు లేని పక్కముఖాన్ని చదివే పద్ధతి

మ్యూజియంలో సూక్ష్మచిత్రాల గదిలో 18వ శతాబ్దపు బొమ్మలు చూస్తూ పోతే ఒక తేడా త్వరగానే కంటపడుతుంది. నవాబులకు, రాజులకు, దివాన్లకు, చివరికి పట్టపుటేనుగులకు కూడా పేర్లుంటాయి. పక్కకు తిరిగి, చేతిలో పువ్వో పానపాత్రో పట్టుకున్న స్త్రీ దగ్గరికి వచ్చేసరికి చీటీ మీద "ఒక యువతి" అనో "కులీన స్త్రీ" అనో ఉంటుంది.

రికార్డులు పోవడం వల్ల వచ్చిన లోటు ఇది అని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే. కానీ అసలు చిక్కు బొమ్మ తయారైన తీరులోనే ఉంది. ఈ చిత్తరువుల్లో చాలావాటిని ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయలేదు. ఒక రూపాన్ని ఎంచుకుని, దాన్ని తరతరాలుగా ఎత్తి రాశారు. అందువల్ల ఆమె ఎవరో ముఖం చూసి తేల్చడం కుదరదు. కాగితం, రంగులు, అంచులు, వెనకవైపు రాతలు చెప్పేది ముందు వినాలి. ఎవరో తర్వాత తగిలించిన పేరు ఉంటే దాన్ని కాసేపు పక్కన పెట్టాలి.

పక్కముఖం ఎందుకు?

అక్బరు కాలపు మొగలు చిత్రాల్లో ముఖాలు ఎక్కువగా ముప్పావు వంతు మనవైపు తిరిగి ఉంటాయి. జహంగీరు, షాజహాను కాలానికి పూర్తి పక్కముఖమే చిత్తరువుకు నియమమైంది. దీనికి పని వైపు నుంచి ఒక కారణం ఉంది. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం ఒకే గీతలో వస్తాయి. ఆ ఒక్క గీతను సరిగ్గా ఎత్తుకుంటే మనిషి దొరికినట్టే, మళ్లీ మళ్లీ గీసుకోవచ్చు. మర్యాద కూడా ఉంది. పక్కకు తిరిగిన పాదుషా చూసేవాడి కళ్లలోకి చూడడు, చూసేవాడే ఆయన్ని దర్శించుకుంటాడు.

మగవాళ్ల విషయంలో ఈ పద్ధతి నిజమైన పోలికలనే ఇచ్చింది. అక్బరు తన ఆస్థానంలోని ప్రముఖులందరి పోలికలూ గీయించి పెద్ద సంపుటంగా కూర్పించాడని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. ఆడవాళ్ల సంగతి వేరు. ఇటలీ నుంచి వచ్చి జీవితమంతా ఈ దేశంలోనే గడిపిన నికొలావ్ మనుచీ ఇది కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. రాణుల, రాకుమార్తెల చిత్తరువులు తాను ఇవ్వడం లేదని, వాళ్లను చూడటమే సాధ్యం కాదని, ఎవరైనా అలాంటివి చూపిస్తే నమ్మవద్దని రాశాడు. అవి ఉంపుడుగత్తెలవో నాట్యకత్తెలవో అయి ఉంటాయని, చిత్రకారుడి ఊహ నుంచి పుట్టినవని ఆయన మాట.

మనుచీ మాటను కూడా యథాతథంగా తీసుకోనక్కర్లేదు. జహంగీరు కాలంలో సహీఫా బాను వంటి స్త్రీ చిత్రకారులున్నారు, వాళ్లకు జనానా (అంతఃపురం) తలుపులు మూసి ఉండవు. పైగా గాయనులు, నర్తకులు పరదా పాటించేవాళ్లు కాదు కాబట్టి చిత్రకారుడు వాళ్లను చూసి గీయగలడు. కాబట్టి ఒక చిత్తరువు రాకుమార్తెది కాకపోయినా, నిజంగా బతికిన ఎవరో ఒక స్త్రీది కావచ్చు. ఆమె పేరు రాయాల్సిన అవసరం ఆనాడు ఎవరికీ కనిపించలేదు. ఆ అన్యాయం మనం ఒక పెద్ద పేరు తెచ్చి అంటించినంత మాత్రాన తీరదు.

బొమ్మ ఎలా తయారైంది

ఇది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ముందు వస్లీ. చేతితో చేసిన పలచని కాగితాలు రెండు మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, పిండి జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. పురుగు పట్టకుండా జిగురులో కొంచెం మైలుతుత్తం కలుపుతారు. బరువు కింద ఆరాక అగేట్ రాయితో రుద్ది నునుపు చేస్తారు. రుద్దడం చాలకపోతే రంగు కాగితంలోకి ఇంకిపోతుంది, సన్నగీత అంచు చెదురుతుంది. పొరల మధ్య గాలి బుడగ మిగిలితే వందేళ్ల తర్వాత సరిగ్గా అక్కడే రంగు పొక్కులు లేస్తుంది.

తర్వాత చర్బా. వెలుతురు సాగే పలచని జింకచర్మం మీద పాత బొమ్మ గీతను ఎత్తుకుంటారు. గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కొత్త కాగితం మీద పరిచి, గుడ్డ మూటలో కట్టిన బొగ్గుపొడిని దానిపై తట్టుతారు. చిల్లుల్లోంచి చుక్కలు దిగుతాయి. చుక్కలను కలుపుతూ గీత గీస్తారు. రవికె మీద మగ్గం పనికి చిల్లుల కాగితంతో డిజైను దింపడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, పని అదే.

గీత మీద పలచగా తెల్లరంగు పూత వేస్తారు. కింది గీత మసకగా కనబడుతూనే ఉంటుంది, దాన్ని చూస్తూ దిద్దిన గీత మళ్లీ గీస్తారు. అప్పుడు రంగులు: తెలుపుకు సీసపు సఫేదా, ఎరుపుకు ఇంగిలీకం (పాదరసపు ఎరుపు), సింధూరం, కావి, పసుపుకు హరిదళం (ఆర్సెనిక్ పసుపు) లేదా ప్యూరీ (ఇండియన్ యెల్లో), నీలానికి నీలిమందు లేదా లాజవర్దం (లాపిస్ రాయి నీలం), ఆకుపచ్చకు రాగి చిలుము, నలుపుకు దీపపు మసి. అన్నిటికీ బంధకం తుమ్మ జిగురు. జిగురు తక్కువైతే రంగు వేలికి పొడిలా అంటుకుంటుంది, ఎక్కువైతే ఆరేటప్పుడు బిగిసి పగులుతుంది. రెండు మూడు పూతల తర్వాత బొమ్మను నున్నటి రాయి మీద బోర్లించి వెనకనుంచి రుద్దుతారు. రంగు పొరలు ఒకదానిలో ఒకటి కుదురుకుని మెరుపు వస్తుంది.

ముఖం చివర్లో. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో చుక్కలు, వెంట్రుకవాసి గీతలు పేర్చి చెంప, మెడ, కంటికొన గుండ్రం చేస్తారు. దీన్ని పర్దాజ్ అంటారు. ఆ తర్వాత బంగారం. అన్నిటికన్నా ఆఖరున ముత్యాలు: చిక్కటి తెల్లరంగును బొట్టు బొట్టుగా ఎత్తుగా పెడతారు. ఆఖరున, మందంగా పెట్టినవి కాబట్టి రాలేటప్పుడు ముందు అవే రాలతాయి. ముత్యాల దండలో ఒక్క గింజ కూడా పోని "18వ శతాబ్దపు" బొమ్మ కనిపిస్తే తర్వాత దిద్దారేమో చూడాలి.

ఇప్పుడు దీని ఫలితాలు. చర్బాను తిరగేస్తే బొమ్మ అటువైపు తిరుగుతుంది. సంపుటాల్లో ఎదురెదురు పుటల మీద ముఖాలు ఒకదాన్నొకటి చూసుకోవాలి కాబట్టి ఇది మామూలే. అందుకే ఒకే స్త్రీ ఒకచోట ఎడమకు, ఇంకోచోట కుడికి చూస్తుంది. అద్దంలో బొమ్మలా చేతులు మారిపోతాయి, ముక్కెర మాత్రం ఎప్పుడూ మనకు కనబడే వైపే ఉంటుంది. కాబట్టి ముక్కెర ఏ వైపు ఉందో చూసి ఏ ప్రాంతపు స్త్రీయో తేల్చే వాదం నిలవదు. చేతికీ ముఖానికీ వేర్వేరు చర్బాలు వాడిన చోట మణికట్టు మరీ పొడుగ్గా సాగుతుంది, మోచేయి ఓఢ్నీ (తల మీదుగా వేసుకునే పైట) కింద ఎక్కడ వంగిందో అర్థం కాదు. అలాంటి అతుకు కనబడితే ఒక మనిషి పోలిక కోసం చూడటం మానేసి, అదే ముఖం, అదే చెయ్యి ఇంకెక్కడ ఉన్నాయో వెతకాలి. చర్బాలు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. కాబట్టి ముఖపు శైలి బొమ్మ ఇంతకన్నా పాతది కాదని చెప్పగలదు గానీ, ఇంతకన్నా కొత్తది కాదని చెప్పలేదు.

బనీ ఠనీ చిక్కుముడి

రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ 1609లో ఏర్పడ్డ చిన్న రాజ్యం. 1943లో లాహోరులో ఇంగ్లీషు ఆచార్యుడైన ఎరిక్ డికిన్సన్ అజ్మీరు మేయో కాలేజీకి వచ్చినప్పుడు కిషన్‌గఢ్ దర్బారు చిత్రాలను చూసి లోకానికి చెప్పాడు. ఆ చిత్రాల్లో ఒకటి మన దేశపు స్త్రీ చిత్తరువుల్లోకెల్లా ప్రసిద్ధం: సుమారు 1750 నాటిది, ఆస్థాన చిత్రకారుడు నిహాల్ చంద్ గీశాడని చెప్పేది. దాదాపు 49 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు, సూక్ష్మచిత్రాలకు ఇది పెద్ద కొలతే. చీకటి నేపథ్యం మీద పక్కముఖం, చెవి దాకా సాగిన తామరరేకు కన్ను, సూదిగా దిగిన ముక్కు, కొన తేలిన గడ్డం, చెంప మీద వంపు తిరిగిన కురులు. ఒక చేత్తో పారదర్శకమైన ఓఢ్నీ అంచు, ఇంకో చేత తామరమొగ్గలు.

ఈమె బనీ ఠనీ అని అందరూ అంటారు. ఆమె నిజంగా ఉన్న మనిషే. రాజు సావంత్ సింగ్ (1699–1764) సవతి తల్లి కొలువులో గాయని, రసిక్ బిహారీ పేరుతో పదాలు రాసింది. "బాగా సింగారించుకున్నది" అన్న అర్థంలో జనం పెట్టిన పిలుపే ఆమెకు మిగిలింది. సావంత్ సింగ్ నాగరీదాస్ పేరుతో కృష్ణభక్తి కవి. 1757లో గద్దె కొడుక్కి వదిలి బృందావనం వెళ్లాడు, ఆమె కూడా వెళ్లింది. ఆయన 1764లో, ఆ మరుసటి ఏడు ఆమె పోయారు. ఈ కథలో అనుమానించాల్సింది లేదు. కథలోంచి బొమ్మలోకి దూకే చోటే జాగ్రత్త కావాలి.

నిహాల్ చంద్ గీసినవని చెప్పే మిగతా చిత్రాలు పక్కన పెట్టి చూడండి. రాధకు అదే ముఖం. చెలికత్తెలకు అదే ముఖం. కృష్ణుడికి కూడా రంగు మారిన అదే పక్కముఖం. ఒక స్త్రీ పోలికే అయితే అది ఇందరికి ఎలా వస్తుంది? అంతకు ముందే, 1719 ప్రాంతంలో మొగలు చిత్రశాల నుంచి కిషన్‌గఢ్ వచ్చిన భవానీదాస్ చేతుల్లో కళ్లు సాగడం, ముక్కు కొనదేలడం మొదలైంది. నిహాల్ చంద్ దాన్ని చివరంటా తీసుకువెళ్లాడు. మూడోది కవిత్వం. నాగరీదాస్ పదాల్లోని రాధ వర్ణనకు ఈ బొమ్మ అతికినట్టు సరిపోతుంది. కాబట్టి బనీ ఠనీ అందం రాధ ముఖమైందా, రాధ కోసం తయారైన ముఖాన్ని జనం తర్వాత బనీ ఠనీది అన్నారా అన్నది ముఖం చెప్పలేదు. రాజుకు దగ్గరి మనిషి, పాడే మనిషి కాబట్టి ఆస్థాన చిత్రకారుడు ఆమెను చూసి ఉండటానికి ఆస్కారం ఉంది. చూసి ఉండవచ్చు అన్నదానికీ ఆమెను గీశాడు అన్నదానికీ మధ్య దూరం మాత్రం చాలానే ఉంది.

1973లో తపాలా శాఖ ఈ చిత్రంతో 20 పైసల బిళ్ల తెచ్చినప్పుడు దాని మీద "రాధ, కిషన్‌గఢ్" అని వేసింది. బొమ్మలో ఉన్న ఆధారానికి ఆ చీటీయే దగ్గర. "రాధ, బనీ ఠనీగా ప్రసిద్ధి" అని రాస్తే రెండు సంగతులూ తమ తమ చోట్ల ఉంటాయి.

తర్వాత వచ్చిన పేర్లు

దక్కనులో ఇదే పని చాంద్ బీబీ విషయంలో జరిగింది. అహ్మద్‌నగరు కోటను కాపాడిన ఆ వీరనారి 1600లో చనిపోయింది. డేగను పట్టుకుని గుర్రం మీద వెళ్తున్న ఆమె చిత్రాలు మాత్రం 1700 ప్రాంతం నుంచి 18వ శతాబ్దమంతా హైదరాబాదుతో సహా దక్కను చిత్రశాలల్లో తయారయ్యాయి. అవి ఆమె పోలికలు కావు, ఆమె కీర్తికి గుర్తులు. ఆ లెక్కన చూస్తే వాటి విలువ తగ్గదు. ఒక శతాబ్దం తర్వాత కూడా దక్కను ఒక స్త్రీని గుర్రం మీదే తలుచుకుందని అవి చెబుతున్నాయి. 19వ శతాబ్దంలో ఢిల్లీ చిత్రకారులు దంతపు బిళ్లల మీద నూర్జహాను, ముంతాజ్ ముఖాలు గీసి యూరోపియన్లకు అమ్మారు. ఆ ముఖాలు మళ్లీ ఎన్నో పాత, పేరులేని చిత్తరువులకు పేర్లు తెచ్చిపెట్టాయి.

రాత కనబడగానే మూడు ప్రశ్నలు వేయాలి: ఎక్కడ ఉంది, ఏ సిరాతో ఉంది, దేని మీదుగా పోయింది. బొమ్మ రంగు కిందనుంచి పోయిన రాత బొమ్మకన్నా పాతది. అంచు మీది రాత ఆ అంచు వయసు వరకే సాక్ష్యం, అంచులు తరచు మార్చేవారు. వెనకవైపున్న నాగరి రాత తరచు దర్బారు లెక్క, జాబితా సంఖ్యా సంవత్ (విక్రమ శకపు ఏడాది) కూడా ఉంటే చాలా విలువైనది. "శబీహ్" అంటే పోలిక, "అమల్" అంటే పని. మొదటిదాని తర్వాత వచ్చే పేరు బొమ్మలోని మనిషిది, రెండోదాని తర్వాత వచ్చేది చిత్రకారుడిది. ఈ రెండూ తారుమారైతే చిత్రకారుడు నవాబు అవుతాడు.

తేదీలు మార్చేటప్పుడు విక్రమ సంవత్ నుంచి 57 తీసేయాలి, ఏడాది చివరి నెలలకైతే 56. సంవత్ 1805 అంటే 1748–49. హిజ్రీ చాంద్రమాన సంవత్సరం, ఒకే సంఖ్య తీసేస్తే కుదరదు. హిజ్రీ 1150 అంటే 1737 మే నుంచి 1738 ఏప్రిల్ దాకా. పట్టిక చూడకుండా నోటిలెక్క వేస్తే తేదీ కొన్నేళ్లు తప్పుతుంది.

రంగులు చెప్పే తేదీ

ముఖం చెప్పలేని తేదీని రంగు చెప్పగలదు. కృత్రిమ అల్ట్రామెరైన్ 1828లో వచ్చింది. ఎమరాల్డ్ గ్రీన్ 1814 నాటిది. జింకు తెలుపు నీటిరంగుగా అమ్మకానికి వచ్చింది 1834లో. టైటానియం తెలుపు 1920 ప్రాంతానిది. వీటిలో ఏదైనా అసలు పూతలో దొరికితే బొమ్మ 18వ శతాబ్దానిది కాదు. ప్రష్యన్ బ్లూ 1700ల తొలి ఏళ్లలోనే బెర్లిన్‌లో పుట్టింది కాబట్టి అది ఒక్కటే దొరికితే కొట్టిపారేయకూడదు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు దిద్దిన చోట పరీక్షించడం. రాలిన ముత్యాలకు 1950లో ఎవరో తెలుపు పెట్టి ఉంటే ఆ ముత్యం 1950నే చెబుతుంది. చెక్కుచెదరని మధ్య భాగంలో, అందులోనూ రెండు మూడు చోట్ల చూడాలి.

బొమ్మను ముట్టుకోకుండా చేసే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ సీసం, పాదరసం, రాగి, ఆర్సెనిక్, జింకు, టైటానియం చూపిస్తుంది. నీలిమందు, లక్క ఎరుపు దానికి కనబడవు, వాటికి వేరే పరీక్షలున్నాయి. అతినీలలోహిత కాంతిలో ప్యూరీ పసుపు మిలమిల మెరుస్తుంది, తర్వాతి దిద్దుబాట్లు వేరే ఛాయలో తేలతాయి. పరారుణ కాంతిలో మసితో గీసిన కింది గీత బయటపడుతుంది. కావితో గీసి ఉంటే సరిగా కనబడదు.

పరికరాలేమీ లేనివాళ్లు పదింతలు చూపే భూతద్దం, చిన్న టార్చి తీసుకున్నా చాలా తెలుస్తుంది. భూతద్దంలో రంగు చుక్కలు వరసల్లో, గులాబి రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టుంటే అది అచ్చు వేసిన ప్రతి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ముత్యాల ఎత్తు, పగుళ్లు, అంచు అతుకులు తేలతాయి. వెనక నుంచి వెలుతురు పెడితే వస్లీ పొరలు, చిల్లులు తెలుస్తాయి. పాత రాతప్రతుల పుటలు కొని వాటి మీద కొత్త బొమ్మలు వేసి అమ్మడం బజారులో ఎక్కువ. దాన్ని పట్టించేది పురుగు తొలిచిన చిల్లే. చిల్లు రంగును కూడా తొలుచుకుంటూ పోతే బొమ్మ చిల్లుకన్నా ముందుది. రంగు చిల్లు అంచు మీదుగా లోపలికి దిగినా, కుంచె చిల్లును తప్పించుకుని పక్కనుంచి పోయినా బొమ్మ చిల్లు తర్వాతిది. మడత గీత మీద రంగు పగలకుండా నిండుగా ఉంటే అదీ అంతే.

పాడయ్యే తీరు, కాపాడే తీరు

సీసపు తెలుపు గాలిలోని గంధకం తగిలి నల్లబడుతుంది. చెంప మీద మచ్చలు, ముత్యాలు బూడిదరంగు కావడం దీనివల్లే, మురికి అనుకుని తుడవకూడదు. కన్సర్వేటర్లకు దాన్ని తిరిగి తెల్లబరిచే పద్ధతి ఉంది, ఇంట్లో చేసే పని మాత్రం కాదు. రాగి చిలుము కాగితాన్నే తినేస్తుంది. బొమ్మ చుట్టూ గీసిన ఆకుపచ్చ గీత వెంట కాగితం గోధుమరంగుకు తిరిగి, పెళుసై, చివరికి బొమ్మ తన అంచులోంచి కిటికీలా ఊడి వస్తుంది. సెల్లోటేపు, లామినేషన్, ఫెవికాల్ అసలు పనికిరావు. చేసే ఏ మరమ్మతైనా తర్వాత తీసేయగలిగేదై ఉండాలి, అందుకే గోధుమ పిండి జిగురు, పలచని జపాను కాగితం వాడతారు. ఫ్రేములో గాజు రంగుకు తగలకుండా మధ్య మౌంటు ఉండాలి. వెలుతురు 50 లక్స్ దాటనివ్వకూడదు. ఇంట్లో అయితే ఎండ తగిలే గోడ, తడి గోడ రెండూ వద్దు.

వందేళ్లు దాటిన చిత్రం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దేశం దాటించడం నేరం. సూక్ష్మచిత్రాలు నమోదు చేయించాల్సిన వర్గంలో ఉన్నాయి. అమెరికాలోనో మరెక్కడో ఉన్న బంధువులకు తాతల నాటి బొమ్మ పంపాలనుకునేవాళ్లు ముందు పురావస్తు శాఖ నమోదు అధికారిని కలవాలి. పోల్చి చూడటానికి హైదరాబాదులోనే సాలార్‌జంగ్ మ్యూజియం, జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియం ఉన్నాయి.

చివరికి చీటీ రాయాలి. ఊహాజనితమైన ఒక దక్కను చిత్తరువుకు అది ఇలా ఉండవచ్చు: "పువ్వు పట్టుకున్న స్త్రీ, ఎడమకు పక్కముఖం. దక్కను, బహుశా హైదరాబాదు, సుమారు 1760–80. వస్లీ మీద జిగురు రంగులు, బంగారం. అంచు తర్వాతిది. వెనక 19వ శతాబ్దపు ఉర్దూ రాత: చాంద్ బీబీ." రాత ఏం చెబుతోందో, ఆ రాత ఎప్పటిదో, మనం ఏమనుకుంటున్నామో మూడూ వేరువేరుగా ఉన్నాయి, రేపు ఎవరికైనా ఇదే చర్బాతో గీసిన ఇంకో బొమ్మ దొరికితే ఏ మాట మార్చాలో తెలుస్తుంది. అంచు విప్పకముందు వెనకవైపు ఫోటో తీసి, ఈ వివరాలన్నీ మౌంటు మీద మెత్తటి పెన్సిలుతో రాయండి. బొమ్మ వెనక పెన్నుతో రాయొద్దు.